చిల్లర లేని యంగడి

మనుష్యుల నిత్యజీవితమున గొప్ప మార్పులు తరచుగా చిన్న వస్తువుల మూలముననే వచ్చుచుండును. రైలుబండి మొదట వచ్చినప్పుడు ఊరివారెల్లరు చూడబోయిరి. విద్యుద్దీపము వెలిగిననాడు వీధులు పండుగవలె నుండెను. కాని యంగడిబల్లమీద నతికించిన యొక చదరపు కాగితమును, అరచేతిలో నిముడు నొక ఫోనును కలిసి మన క్రయవిక్రయముల నెంతగా మార్చివేసినవో పలువురు గమనింపకయే యున్నారు. కూరగాయల తట్ట ముందర, టీకొట్టువద్ద, పుస్తకముల యంగడిలో, తుదకు కొన్ని దేవాలయములలోను చర్చీలలోను గూడ ఆ చదరపు గుర్తు కనబడుచున్నది. మన విద్యార్థులలో ననేకులకు అది లేని యంగడి యెట్లుండునో జ్ఞాపకము లేదు.

ఈ మార్పు మంచిదా, చెడ్డదా యని పెద్దలు వాదించుకొనుట వినుచున్నాము. ఈ యేర్పాటు బీదవర్తకునకు నిశ్చయముగా మేలు చేసినదని మా యభిప్రాయము. అయితే చిల్లర నాణెములతోపాటు, కుటుంబములను అప్పునుండి కాపాడుచుండిన కొన్ని పాత కట్టుబాట్లనుగూడ నది తీసికొనిపోయినది. వానిని మన యిండ్లును పాఠశాలలును బుద్ధిపూర్వకముగా మరల నిలుపుకొనవలెను. ఈ సంగతినే యిందు విన్నవింపదలచితిమి.

మొదట పూర్వస్థితిని జ్ఞప్తికి దెచ్చుకొందము. పట్టణమున పనిచేయు తండ్రి పల్లెలోని యింటికి సొమ్ము పంపవలెనన్న తపాలాకచేరికి పోయి మనియార్డరు కట్టవలెను. అది పోస్టుమాను చేతిమీదుగా ఇల్లు చేరువరకు దినములు లెక్కించుకొనవలెను. అంగడిలో నూరురూపాయల నోటు చూపినచో శెట్టిగారు గల్లాపెట్టె వెదకి, చిల్లర చాలక, బదులుగా రెండు చాక్లెట్లు చేత బెట్టుచుండెడివారు. అది పిల్లలకు సంతోషము, తల్లులకు నష్టము. చేతిఫోను మన దేశమున మొదట పలికినది 1995 జూలై 31వ తేదీన. ఆనాడు పశ్చిమబెంగాలు ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తానుండి ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖరాముతో మాటలాడిరి. అది ధనికుల వస్తువు. పిలిచినవాడేగాక పిలువబడినవాడును 2003 వరకు సొమ్ము చెల్లింపవలసియుండెను. అట్టి వస్తువు బజారులోని గల్లాపెట్టెకు బదులగునని అప్పుడెవరు తలచిరి?

ఇది మూడు కారణములు కూడుటచే సంభవించినది. ముంబయిలో 2008లో నేర్పడిన నేషనల్ పేమెంట్స్ కార్పొరేషను అను సంస్థ బ్యాంకులనన్నిటిని ఒకదానితో నొకటి కలుపు యు.పి.ఐ. అను మార్గమును నిర్మించెను. 2016 ఏప్రిల్ 11వ తేదీన నాటి రిజర్వు బ్యాంకు గవర్నరు రఘురాం రాజన్ గారు దానిని ప్రారంభించిరి. అదే సంవత్సరము సెప్టెంబరులో జియో సంస్థ రంగమున దిగుటతో ఫోనుపై ఇంటర్నెట్టు వెల బాగుగా తగ్గెను. నవంబరు 8వ తేదీ రాత్రి 500, 1000 రూపాయల పాత నోట్లు చెల్లవని ప్రభుత్వము ప్రకటించెను. మార్గము సిద్ధమై, బండి చౌకయై, కాలినడక కష్టమైనప్పుడు జనులు బండి యెక్కుట సహజము. అట్లే జరిగినది. యు.పి.ఐ. ద్వారా ఒక్క నెలలో జరిగిన చెల్లింపులు 2023 ఆగస్టులో మొదటిసారి 1,000 కోట్లను దాటినవి. రెండేండ్లకే, 2025 ఆగస్టులో, 2,000 కోట్లను దాటినవి.

ఇది పనిచేయు విధమును బాలురకు దెలుపుట మంచిది. బల్లమీది చదరపు గుర్తును జపానుదేశమున 1994లో మసహిరో హారా అను ఇంజనీరు డెన్సో సంస్థకొరకు కల్పించెను. మోటారుబండ్ల భాగములను త్వరగా గుర్తించుటకు అది యుద్దేశింపబడినది. ఆ సంస్థ పేటెంటు పొందియు, ఇతరులు దానిని ఉచితముగా వాడుకొనుటకు అడ్డు చెప్పలేదు. ఆ యుదారత లేనిచో నేడు కూరగాయల తట్టపై ఆ గుర్తు కనబడకపోవును. ఆ నల్లని తెల్లని గడులలో వర్తకుని ఖాతా చిరునామా ఇమిడియుండును. కొనువాని ఫోను దానిని చదువును. అతడు మొత్తమును వేసి, తన రహస్యసంఖ్యను నొక్కును. అప్పుడు ఆజ్ఞ కార్పొరేషను యంత్రములద్వారా పోయి, కొనువాని బ్యాంకులో ఆ సొమ్ము తగ్గించి, అమ్మువాని బ్యాంకులో చేర్చును. ఇదంతయు కొన్ని క్షణములలో ముగియును. సొమ్ము ఫోనులో లేదు, బ్యాంకులోనే యున్నది. ఫోను కేవలము ఆజ్ఞ వ్రాయు కలమువంటిది.

దీనివలన కలిగిన మేలు కొద్దిది కాదు. కార్డులు పుచ్చుకొను యంత్రము వేలరూపాయల వస్తువు. అది పెద్ద దుకాణములకే తగియుండెను. పైగా ప్రతి యమ్మకముమీదను బ్యాంకునకు కొంత రుసుము పోవుచుండెను. చదరపు గుర్తునకు కాగితము చాలును. బ్యాంకు ఖాతానుండి యు.పి.ఐ. ద్వారా జరుగు చెల్లింపునకై వర్తకునివద్ద రుసుము తీసికొనరాదని 2020 జనవరి 1వ తేదీనుండి ప్రభుత్వము శాసించెను. కావున మల్లెపూలు అమ్ముకొను వృద్ధురాలును, వస్త్రదుకాణపు యజమానియు ఒక్క మార్గముననే సొమ్ము పుచ్చుకొనగల్గిరి. ఇది సామాన్యమైన సమానత్వము కాదు. చదువురాని యామెకు సొమ్ము వచ్చినదని తెలుగుననే చెప్పు పలుకుపెట్టెలు వచ్చినవి. పగటి సంపాదన రాత్రి దారిలో దొంగలపాలగునను భయము తగ్గినది. దినదినపు అమ్మకము బ్యాంకు పుస్తకమున నెక్కుటచే, వ్యాపారమునకై అప్పు అడుగబోయినప్పుడు చూపుటకు ఆధారము దొరకినది. వెనుక బీదవాని నిజాయితీకి సాక్ష్యము వ్రాయువారు లేకుండిరి. ఇప్పుడు యంత్రము వ్రాయుచున్నది. ఇంటర్నెట్టు లేని పాత ఫోనులవారికిని 2022 మార్చిలో వేరొక మార్గము తెరువబడినది. ఈ మేలులను తక్కువచేసి, పాతదంతయు మంచిదనువారితో మేమేకీభవింపము.

అయినను అంగడినుండి చిల్లర వెడలిపోయినప్పుడు దానివెంట మరి మూడు సంగతులుగూడ వెడలిపోయినవి. వానిని గూర్చియే మా విచారము.

మొదటిది, సొమ్ము చేయి విడుచునప్పుడు కలుగు నొప్పి. నూరురూపాయల నోటును చిల్లర చేయుటకు మన పెద్దలు వెనుదీయుచుండిరి. నోటు విడిచినచో చిల్లర నిలువదని వారెరుగుదురు. జేబులో చేయిపెట్టి, లెక్కించి, మిగిలినదేమో చూచుకొని యిచ్చుటలో నొక యాలోచనకు తావుండెను. ఇప్పుడు ఐదురూపాయల బిస్కత్తులకును, ఐదువేల వస్త్రమునకును వ్రేలికదలిక యొక్కటియే. దీనిని ఊహ యనుకొనరాదు. అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాలయమునకు చెందిన ప్రిలెక్, సిమెస్టర్ అను పండితులు 2001లో నొక పరిశోధన ప్రకటించిరి. బంతియాట టిక్కెట్లకు వేలము పెట్టి, కొందరిని నగదుగాను, కొందరిని కార్డుద్వారాను చెల్లింపుడనిరి. కార్డువారు నగదువారికంటె ఇంచుమించు రెండింతలు పాడిరి. వస్తువు ఒక్కటే, మనుష్యులును ఒకే తరగతివారు; మారినది చెల్లించు విధము మాత్రమే. ఈ సంగతి వస్తువులు చేయు పెద్ద పరిశ్రమలకు బాగుగా తెలియును. కావుననే నిమిషములలో వస్తువు ఇంటికి తెచ్చియిచ్చు సంస్థలు కోరికకును కొనుటకును మధ్యనున్న యెడమును చెరిపివేయుటకు పాటుపడుచున్నవి. ఆ యెడమే గృహస్థునకు ఆలోచించుకొను కాలము. అంగడికి నడచిపోవునప్పుడు సగము కోరికలు దారిలోనే చల్లారుచుండెడివి.

రెండవది, అరువు పుస్తకము. శెట్టిగారి పద్దుపుస్తకమును మేము పొగడబోము. అందు అన్యాయపు లెక్కలుండెను. నిశానీ వేయువారు మోసపోవుటయు గలదు. కాని ఆ యప్పునకు ముఖముండెను. బాకీ పెరిగినప్పుడు, “అమ్మా, ఈ నెల చాల అయినది, ముందు కొంత తీర్చుము” అని శెట్టిగారు చెప్పెడివారు. ఇప్పుడు ఫోనులోనే అప్పిచ్చువారు వచ్చినారు. వారికి మన ముఖము తెలియదు, వారి ముఖము మనకు తెలియదు. అడిగిన నిమిషములోనే సొమ్ము వచ్చును. కరోనా దినములలో పనులు పోయిన కుటుంబములనేకము ఈ వలలో పడినవి. ఋణము తీర్పలేనివారి ఫోనులోని బంధుమిత్రుల సంఖ్యలను తీసికొని, వారందరికిని అవమానకరమైన మాటలు పంపుట ఈ వ్యాపారుల పద్ధతి. తెలంగాణమున 2020 డిసెంబరులో ఇట్టి వేధింపులు భరింపలేక కొందరు ప్రాణములు తీసికొనిరి. హైదరాబాదులో పోలీసులు ఈ వ్యాపారములకు చెందిన పలువురిని పట్టుకొనిరి. పిమ్మట 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు నియమములు చేసి, అప్పిచ్చు యాపులు మన ఫోనులోని సంఖ్యల పట్టికను, చిత్రములను తాకరాదని కట్టుదిట్టము చేసెను. శాసనము వచ్చినది మంచిదే; పోయిన ప్రాణములు మాత్రము రావు.

పందెపు టాటలను గూర్చియు నొక్కమాట. ఫోనులో సొమ్మొడ్డి యాడు ఆటలను తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను నిషేధించినవి. కేంద్రప్రభుత్వమును 2025 ఆగస్టులో దేశమంతటికి శాసనము చేసెను. పూర్వము జూదశాలకు పోవువాడు వీధిలో నలుగురి కంట బడుచుండెను. ఫోను మూలమున జూదశాల బాలుని దిండుక్రిందికే వచ్చినది. తలిదండ్రులు ఈ సంగతి మరువరాదు.

మూడవది, అన్నిటికంటె తక్కువగా చర్చింపబడునది, పోపులపెట్టె. తెలుగింటి యిల్లాలు ఆవాలు జీలకర్రల నడుమ, బియ్యపుడబ్బా యడుగున, చీరమడతలలో కొంత సొమ్ము దాచుట తరతరముల వాడుక. అది దొంగతనము కాదు. భర్త జబ్బుపడినప్పుడు, పిల్లవాని పరీక్షరుసుమునకు గడువు దగ్గరపడినప్పుడు, ఆ చిన్నమూటయే కుటుంబమును నిలిపెడిది. ఇంటిఖర్చున కిచ్చిన సొమ్ములో పది పరక మిగిల్చి ఆమె దానిని కూడబెట్టుచుండెను. ఇప్పుడు పాలకు, కూరలకు, గ్యాసునకు భర్తయో కుమారుడో ఫోనుద్వారా చెల్లించుచున్నాడు. ఇంటిలో నగదు మెదలదు. కావున మిగిల్చుకొనుటకు ఆమె చేతికేమియు రాదు. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబారోగ్య పరిశీలన ప్రకారము, తాము స్వయముగా వాడుకొను చేతిఫోను గల స్త్రీలు మన దేశమున నూటికి 54గురు మాత్రమే. తక్కిన 46గురి మాట యేమి? ఫోను పర్సుగా మారిన యింటిలో ఫోను లేనివారికి పర్సును లేదు. ఇది యంత్రము చేసిన తప్పు కాదు. కాని యంత్రము వచ్చినప్పుడు మనము చూచుకొనవలసిన సంగతి.

దేశవిషయముగ నొక సంగతి గలదు. బ్యాంకులను కలుపు మార్గము అందరిదియైనను, ఆ మార్గమున జనులను నడిపించు యాపులలో ఫోన్‌పే, గూగుల్ పే అను రెండే యధికభాగమును వహించుచున్నవి. రెండును విదేశీయ మూలధనముతో పెంపొందినవి. ఏ యొక్క సంస్థయు నూటికి 30 చెల్లింపులకు మించి వహింపరాదని కార్పొరేషను 2020 నవంబరులోనే నిర్ణయించినది. కాని జనుల వాడుకను మార్చుట కష్టమగుటచే గడువును పొడిగించుచు, 2024లో మరల 2026 డిసెంబరు దాక వాయిదా వేసినది. శెట్టిగారికి మన యింటి అవసరములు మాత్రమే తెలియును. ఈ సంస్థలకు దేశమంతయు ఏ దినమున ఎచ్చట ఎంత వెచ్చించుచున్నదో తెలియును. ఇట్టి తెలివిడి పెద్ద బలము. అది కొద్దిమంది చేతులలో చేరకుండ చూచుట రేపటి పౌరులైన నేటి విద్యార్థుల బాధ్యత.

అయినచో మనమేమి చేయవలెను? ఫోనును పారవేయుమని చెప్పుట వ్యర్థము. నోటును, నాణెమును గూడ మనుష్యుడే కల్పించుకొనెను. వానితోను జూదమాడెను, వానితోనే దానమును జేసెను. అలవాటును దిద్దుకొనుట మన చేతిలోని పని. ఇందులకు నాలుగు సూచనలు చేయుచున్నాము.

మొదటి సూచన విద్యార్థులకు. ఆరవ తరగతినుండి ప్రతి బాలుడును, బాలికయు ఇంటిఖర్చుల పుస్తకమొకటి వ్రాయవలెను. తేదీ, వస్తువు, వెల, నగదా ఫోనా, అవసరమా కాదా, ఈ యైదు గడులు చాలును. ఫోనులో లెక్క యున్నది గదా యందురేమో. యంత్రము వ్రాసిన లెక్క యంత్రమునకే తెలియును; మనచేతితో వ్రాసినది మన మనస్సున కెక్కును. నోటు చేయివిడుచునప్పటి పాత నొప్పిని ఈ కలమే మరల కలిగింపగలదు.

రెండవది గణితోపాధ్యాయులకు. వడ్డీలెక్కలను ఫోను అప్పులతో బోధింపుడు. ఒకడు 5,000 రూపాయలు అప్పడిగెననుకొందము. ఖర్చులపేర 1,500 పట్టుకొని అతనికి 3,500 మాత్రమే యిచ్చి, ఏడు దినములలో 5,000 తీర్పుమన్నారు. నూటికి ఏటికి వడ్డీ యెంత? బాలురు లెక్కగట్టినచో 2,200కు పైగా తేలును. మన పల్లెలలో నూటికి నెలకు మూడురూపాయల వడ్డీ అన్ననే బరువని యందుము. అది ఏటికి 36 మాత్రమే. ఈ యొక్క లెక్కను స్వయముగా చేసిన బాలుడు ఇంటిలో నెవ్వరినైనను ఆ వలలో పడనీయడు.

మూడవది తలిదండ్రులకు. ఇంటి యిల్లాలి పేర వేరు బ్యాంకుఖాతా యుండవలెను. ఆమె చేత ఆమె ఫోనుండవలెను. నెలమొదట ఇంటిఖర్చు సొమ్ము ఆ ఖాతాలో పడవలెను. మన సంఘములలో అన్నము వండునప్పుడెల్ల తల్లులు పిడికెడు బియ్యము తీసి దేవుని పనికై వేరుగ నుంచు నాచారము గలదు. ముందు వేరుచేసి, మిగిలినదానితో గడుపుకొనుటయే దాని రహస్యము. ఖాతావిషయమునను అదియే చేయదగును. పదేండ్లు నిండిన బాలబాలికలు తమ పొదుపుఖాతాను తామే నడుపుకొనుటకు బ్యాంకులు అనుమతింపవచ్చునని రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్‌లో తెలిపినది. పుట్టినదినమునకు ఫోను కొనియిచ్చు తండ్రి, దానికి ముందు పొదుపుపుస్తకమును చేతబెట్టినచో మంచిది.

నాలుగవది అందరికిని. సొమ్ము పుచ్చుకొనుటకు రహస్యసంఖ్య నొక్కనక్కరలేదు; నొక్కుమని చెప్పువాడు మోసగాడు. ఈ యొక్క వాక్యమును ఇంటిలోని వృద్ధులకు నేర్పుడు. మోసము జరిగినదని తెలిసినచో సిగ్గుపడి దాచక, వెంటనే 1930 సంఖ్యకు ఫోనుచేసి ఫిర్యాదు చేయుడు. ఎంత త్వరపడిన సొమ్ము నిలుపుటకు అంత వీలు కలుగును.

ఇంకొక చిన్న మనవి. చెల్లింపు ముగిసినదని పెట్టె పలికినంతనే తలయెత్తకుండ వెడలిపోవు నలవాటు వ్యాపించుచున్నది. అంగడివానితో నొక మంచిమాట యాడుటకు రుసుము లేదు. కష్టకాలమున వీధి మొగనున్న కొట్టువాడు అరువిచ్చి ఆదుకొనును; నిమిషములలో తెచ్చు బండివాడు ఇయ్యజాలడు. ఆ బండి తోలు యువకుడుగూడ ఒక తల్లి బిడ్డయే. అతడు వచ్చినప్పుడు మంచినీళ్లియ్యజూపుట మరువకుడు.

గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చుండి వ్యయమును లెక్కింపవలెనని మన ప్రభువు బోధించిన యుపమానము విద్యార్థులు వినియేయున్నారు. ఆ కాలమున నాణెములు బరువుగ నుండినను ఆ బోధ అవసరమాయెను. నాణెమునకు బరువే లేని మన కాలమున అది మరింత యవసరము. ఈ వేసవి సెలవులలో ప్రతి విద్యార్థియు ఒక నెల లెక్క పూర్తిగా వ్రాసి, తలిదండ్రులతో కూర్చుండి చదువవలెనని కోరుచున్నాము. పాఠశాల తెరచిన దినమున ఆ పుస్తకమును ఉపాధ్యాయులకు చూపుడు. అందలి మొత్తము ఎంతయైనను చింతలేదు. దాచకుండ వ్రాసినచో చాలును.